ఆయాసం ఎక్కడ మొదలవుతుంది? ఊపిరి గొట్టాల కండరంలో కాల్షియం చేసే పని

సార్వా కోతలు అయి ధాన్యం మిల్లులకు చేరే రోజుల్లో మండపేట గాలిలో తేడా తెలిసిపోతుంది. ఊక, తవుడు, ధాన్యం దుమ్ము, దానికి తోడు తెల్లవారుజామున దిగే మంచు. సంక్రాంతి దగ్గర పడితే భోగి మంటల పొగ కూడా కలుస్తుంది. మిల్లులో బస్తాలు మోసే మనిషైనా, కోళ్ల ఫారంలో పనిచేసే మనిషైనా, ఇంట్లో బడికెళ్లే పిల్లాడైనా, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది కష్టకాలమే. రాత్రి రెండు మూడు గంటలకు దగ్గుతో మెలకువ వస్తుంది. ఛాతీ బిగుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. తెలుగులో ఉబ్బసం అన్నా, ఉర్దూలో దమా అన్నా, డాక్టరు ఆస్తమా అన్నా జబ్బు ఒక్కటే.

అదే దుమ్ము పక్కవాడూ పీలుస్తాడు. అతను రెండుసార్లు తుమ్మి పని చేసుకుపోతాడు. ఇతనికి మాత్రం గొంతు కింద ఎవరో తాడు బిగించినట్టు ఉంటుంది. ఈ తేడా ఎందుకు? సమాధానం చాలా వరకు కంటికి కనిపించనంత చిన్న కండర కణాల్లో ఉంది. ఆ కణాల లోపల కాల్షియం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు తగ్గాలి అన్నది కొన్ని రసాయన సంకేతాలు నిర్ణయిస్తాయి. ఈ సంగతి అర్థమైతే డాక్టరు ఇన్‌హేలర్ ఎందుకు ఇస్తున్నాడో, ఒకటి కాకుండా రెండు రకాలు ఎందుకు రాస్తున్నాడో కూడా అర్థమవుతుంది.

గొట్టం చుట్టూ కండరం

ముక్కు నుంచి లోపలికి వెళ్లిన గాలి పెద్ద గొట్టం నుంచి చిన్న గొట్టాల్లోకి, అక్కడి నుంచి ఇంకా సన్నని గొట్టాల్లోకి చీలిపోతూ వెళ్తుంది. ఈ గొట్టాల గోడలో సన్నని కండరం చుట్టుకుని ఉంటుంది. చేతి కండరంలా ఇది మన మాట వినదు. మనం అనుకుంటే బిగిసేది కాదు, వద్దంటే సడలేది కాదు. దీన్ని నునుపు కండరం అంటారు. పేగుల్లో, రక్తనాళాల్లో ఉండేది కూడా ఈ జాతి కండరమే.

ఈ కండరం కొంచెం బిగిసినా దెబ్బ పెద్దగా ఉంటుంది. గాలి సాఫీగా పారే గొట్టం వ్యాసం సగానికి తగ్గితే, గాలికి ఎదురయ్యే అడ్డు రెట్టింపు కాదు, 16 రెట్లు అవుతుంది. అందుకే గంట క్రితం బాగానే ఉన్న మనిషి ఉన్నట్టుండి రొప్పడం మొదలుపెడతాడు.

లోపల కొంచెం, బయట కొండంత

కండరం బిగియడానికి మీట కాల్షియం. ఎముకల్లో ఉండే కాల్షియమే ఇది, కాకపోతే ఇక్కడ దాని పని వేరు. విశ్రాంతిగా ఉన్న కండర కణం లోపల స్వేచ్ఛగా తిరిగే కాల్షియం చాలా తక్కువ. కణం బయటి ద్రవంలో దానికి దాదాపు 10,000 రెట్లు ఎక్కువ ఉంటుంది.

గోదావరి డెల్టాలో ఉన్నవాళ్లకు ఇది చెప్పడం సులువు. ధవళేశ్వరం ఆనకట్ట ఎగువన నీరు ఎత్తుగా నిలబడి ఉంటుంది, దిగువన కాలువలో మట్టం తక్కువ. తూము కాస్త ఎత్తితే చాలు, నీళ్లు ఉరుకుతాయి. కణంలో కూడా అంతే. దాని గోడకు తూముల్లాంటి ద్వారాలు ఉంటాయి. పైగా కణం లోపలే ఒక సొంత చెరువు ఉంటుంది. సంచుల్లాంటి ఆ నిల్వ గదుల్లో కాల్షియం దట్టంగా ఉంటుంది. ఊపిరి గొట్టాల కండరంలో మొదట తెరుచుకునేది ఎక్కువగా ఈ లోపలి చెరువు తూమే.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం రావచ్చు. మరైతే ఉబ్బసం ఉన్నవాళ్లు పాలు, కాల్షియం మాత్రలు మానేయాలా? అవసరం లేదు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో శరీరం గట్టిగా అదుపు చేస్తుంది. కణం లోపలి కాల్షియాన్ని నిర్ణయించేది ఆ తూములు ఎప్పుడు తెరుచుకుంటాయి అన్నదే కానీ, మనం తాగే గ్లాసు పాలు కాదు.

తూము ఎత్తేది ఎవరు?

దుమ్ము గానీ, చల్లగాలి గానీ, పొగ గానీ గొట్టం లోపలి పొరను గిల్లితే రెండు దారుల్లో కబురు వెళ్తుంది.

ఒకటి నరాల దారి. వేగస్ అనే నరం చివర్ల నుంచి అసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. రెండోది అలర్జీ దారి. అలర్జీ ఉన్నవాళ్ల గొట్టాల్లో మాస్ట్ కణాలు అనే కాపలా కణాలు సిద్ధంగా ఉంటాయి. తమకు పడని వస్తువు తగలగానే అవి హిస్టమిన్, ల్యూకోట్రైన్లు వంటి రసాయనాలను కుమ్మరిస్తాయి.

ఈ రసాయనాలు ఏవీ కండర కణం లోపలికి వెళ్లవు. బయట గోడ మీద ఉండే గ్రాహకాలకు తగులుకుంటాయి. తాళంకప్పలో తాళంచెవి పెట్టినట్టన్న మాట. అసిటైల్ కోలిన్‌కు ఒక రకం గ్రాహకం, హిస్టమిన్‌కు ఒకటి, ల్యూకోట్రైన్లకు మరొకటి. తాళాలు వేరైనా తలుపు వెనక జరిగేది ఇంచుమించు ఒకటే. కణం గోడ లోపలి వైపున ఒక ఎంజైమ్ నిద్రలేస్తుంది. అది గోడలోని ఒక కొవ్వు పదార్థాన్ని రెండు ముక్కలు చేస్తుంది. అందులో ఒక ముక్క పేరు ఇనాసిటాల్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఐపీ3. ఇది కణంలో ఈదుకుంటూ పోయి లోపలి చెరువు తూముకు తగులుకుంటుంది. తూము తెరుచుకుంటుంది, కాల్షియం బయటకు ఉరుకుతుంది. ఐపీ3 ఇలా నిల్వల నుంచి కాల్షియాన్ని విడిపిస్తుందని శాస్త్రవేత్తలు 1983లో చూపించారు.

చెరువు ఖాళీ అవుతుంటే ఆ సంగతి పసిగట్టే ప్రోటీన్ ఒకటి ఉంది. అది కణం గోడ దగ్గరకు కబురు పంపి బయటి ద్వారాలు తెరిపిస్తుంది. బయటి కాల్షియం లోపలికి వచ్చి చెరువును మళ్లీ నింపుతుంది. కాబట్టి ఎంతసేపు కబురు ఆగకుండా వస్తుంటే అంతసేపు ఆట సాగుతూనే ఉంటుంది.

ఒకసారి కాదు, అలలు అలలుగా

కాల్షియం ఒక్కసారి పెరిగి అలాగే ఉండిపోదు. కాస్త పెరిగితే తూము ఇంకా తెరుచుకుంటుంది. మరీ పెరిగితే అదే కాల్షియం తూమును మూసేస్తుంది. ఈలోపు పంపులు దాన్ని తోడి చెరువులో పోస్తాయి. ఐపీ3 ఇంకా ఉంటే తూము మళ్లీ తెరుచుకుంటుంది. ఇలా కణం పొడవునా కాల్షియం అలలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి.

ఊపిరితిత్తుల పలుచని ముక్కలను మైక్రోస్కోపు కింద బతికించి పెట్టి చూసినప్పుడు ఈ అలలు కనిపించాయి. అసిటైల్ కోలిన్ మోతాదు పెంచితే అలలు తొందర తొందరగా వచ్చాయి, గొట్టం ఇంకా బిగిసింది. అంటే కండరం చూసేది కాల్షియం ఎంత ఎత్తుకు లేచింది అన్నది ఒక్కటే కాదు, ఎంత తరచుగా లేస్తోంది అన్నది కూడా.

బిగింపు, దాని వెనక భీమవరం కుర్రాడు

పెరిగిన కాల్షియం కాల్మోడ్యులిన్ అనే చిన్న ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. ఆ జంట ఒక ఎంజైమ్‌ను లేపుతుంది. ఆ ఎంజైమ్ మయోసిన్ అనే కండర ప్రోటీన్ మీద ఒక ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది. ముద్ర పడిన మయోసిన్, పక్కనే తాళ్లలా ఉన్న యాక్టిన్‌ను పట్టి లాగుతుంది. తాళ్లు దగ్గరకు జరుగుతాయి, గొట్టం ఇరుకవుతుంది.

ఈ ముద్ర వేయడానికి కావలసిన ఫాస్ఫేట్, లాగడానికి కావలసిన శక్తి రెండూ ఏటీపీ అనే అణువు నుంచి వస్తాయి. ఆ ఏటీపీ కథలో గోదావరి వాసి పేరు ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, మెట్రిక్‌లో తప్పి మద్రాసులో గట్టెక్కిన యల్లాప్రగడ సుబ్బారావు తర్వాత అమెరికాలోని హార్వర్డ్‌కు చేరారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ వెంటనే 1929లో ఏటీపీని వాళ్లు బయటపెట్టగలిగారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. సుబ్బారావు పేరు ఈ వ్యాసంలో ఇంకోసారి వస్తుంది.

బిగిసిన కండరం సడలాలంటే మయోసిన్ మీద ముద్ర చెరిగిపోవాలి. దానికి వేరే ఎంజైమ్ ఉంది. చిక్కేమిటంటే, బిగించమని కబురు తెచ్చిన రసాయనాలే రో కైనేజ్ అనే మరో ఎంజైమ్ ద్వారా ఈ చెరిపే ఎంజైమ్ చేతులు కట్టేస్తాయి. అప్పుడు కాల్షియం కొంత తగ్గినా బిగింపు వదలదు. ఒకవైపు యాక్సిలరేటర్ తొక్కుతూ రెండోవైపు బ్రేకు తీగ కోసేయడం లాంటిది ఇది.

ఉబ్బసం ఉన్నవాళ్లలో తేడా ఏమిటి?

ఆరోగ్యంగా ఉన్న గొట్టంలో కూడా ఈ యంత్రాంగం అంతా ఉంటుంది. ఉబ్బసంలో మూడు విషయాలు మారతాయి. మొదటిది, గొట్టం లోపలి పొర ఎప్పుడూ వాచి ఉంటుంది. కాబట్టి కబురు పంపే రసాయనాలు ఎప్పుడూ ఎక్కువే. రెండోది, ఏళ్ల తరబడి వాపు ఉంటే కండరం దళసరి అవుతుంది. మూడోది, కాల్షియాన్ని తిరిగి చెరువులోకి తోడే పంపు ఉబ్బసం ఉన్నవారి కండర కణాల్లో తక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో కనిపించింది. తూము తెరవడం తేలిక, తోడిపోయడం ఆలస్యం అన్న మాట. పక్కవాడికి తుమ్ముతో పోయిన దుమ్ము ఇతనికి ఆయాసం తెప్పించడానికి ఇవీ కారణాలు.

ఏ మందు ఎక్కడ పట్టుకుంటుంది?

మందుల షాపులో దొరికే ఆస్తమా మందుల పేర్లు చాలా ఉన్నా, అవి పట్టుకునే చోట్లు కొన్నే.

సాల్బుటమాల్: చాలామంది జేబులో ఉండే ఇన్‌హేలర్ ఇదే. 1969లో వాడకంలోకి వచ్చింది. ఇది కండర కణం మీద ఉండే బీటా-2 అనే వేరే తాళంలో పడుతుంది. ఆ తాళం వెనక సైక్లిక్ ఏఎంపీ అనే మరో సంకేతం పుడుతుంది. అది ఐపీ3 తూమును మొరాయించేలా చేస్తుంది, కాల్షియం అలల వేగం తగ్గిస్తుంది, ముద్ర వేసే ఎంజైమ్‌ను నెమ్మది చేస్తుంది. అందుకే కొన్ని నిమిషాల్లోనే ఊపిరి తేలికవుతుంది.

ఇప్రాట్రోపియం, టయోట్రోపియం: ఇవి అసిటైల్ కోలిన్ తాళంకప్పనే మూసేస్తాయి. ఈ దారి పాతకాలం వైద్యులకు తెలియకుండానే తెలుసు. ఉమ్మెత్త ఆకు పొగ పీల్చి ఆయాసం తగ్గించుకోవడం మన దేశంలో ఉండేది. 1802 ప్రాంతంలో ఆ అలవాటు మద్రాసు నుంచి ఇంగ్లండుకు చేరింది. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ జాతి పదార్థాలు చేసే పని ఇదే. కానీ ఉమ్మెత్త విషం. ఎంత పడితే మందో, ఎంత పడితే ప్రాణం మీదకు వస్తుందో ఆకును చూసి చెప్పలేం. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు.

మాంటెలుకాస్ట్ మాత్ర ల్యూకోట్రైన్ తాళాన్ని మూస్తుంది. థియోఫిలిన్ మాత్ర సైక్లిక్ ఏఎంపీ తొందరగా కరిగిపోకుండా చూస్తుంది. ప్రాణం మీదకు వచ్చిన ఆయాసానికి ఆసుపత్రిలో సెలైన్ ద్వారా ఎక్కించే మెగ్నీషియం కాల్షియానికి ఎదురు నిలిచి కండరాన్ని సడలిస్తుంది.

ఇంకో ప్రశ్న. బీపీకి వాడే అమ్లోడిపిన్ కూడా కాల్షియం ద్వారాలను మూసే మందే కదా, దాంతో ఉబ్బసం ఎందుకు తగ్గదు? అది మూసేది కణం బయటి గోడకు ఉన్న ఒక రకం ద్వారాన్ని. ఊపిరి గొట్టాల కండరం ప్రధానంగా ఆధారపడేది లోపలి చెరువు మీద. అందుకే రక్తనాళాన్ని సడలించినంతగా అది ఈ గొట్టాన్ని సడలించలేదు.

ఒక్క ఇన్‌హేలర్‌తో ఎందుకు సరిపోదు?

ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతోంది. సాల్బుటమాల్ కాల్షియాన్ని తగ్గించింది, కండరం సడలింది, మనిషి లేచి పనికి వెళ్లాడు. కానీ గొట్టం లోపలి వాపు అలాగే ఉంది. కబురు పంపే కణాలు అక్కడే కూర్చుని ఉన్నాయి. నాలుగు గంటలు పోయాక మళ్లీ మొదలు. పదే పదే వాడితే బీటా-2 తాళాలు కూడా మొద్దుబారతాయి. మొదట్లో రోజుకు రెండుసార్లు చాలింది, తర్వాత ఆరుసార్లు కొట్టినా చాలదు.

వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. అది వెంటనే హాయి ఇవ్వదు, రోజూ వాడితే కొన్ని రోజులకు, వారాలకు పని కనిపిస్తుంది. అందుకే చాలామంది దాన్ని పక్కన పడేసి, వెంటనే హాయినిచ్చేదాన్నే పట్టుకుంటారు. ప్రపంచ ఆస్తమా నిపుణుల సంస్థ గినా 2019 నుంచి పెద్దవాళ్లకు, కౌమార వయసు పిల్లలకు స్టెరాయిడ్ లేకుండా సాల్బుటమాల్ ఒక్కదానితోనే వైద్యం చేయవద్దని చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 26.2 కోట్ల మందికి ఆస్తమా ఉంది, 4.55 లక్షల మంది దాంతో చనిపోయారు. సరైన మందు సరైన సమయంలో అందితే ఈ చావుల్లో చాలా వరకు ఆపవచ్చు.

ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, అది ఆఖరి మందు అన్న భయం ఊళ్లలో ఇంకా ఉంది. లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇన్‌హేలర్ ఒక్క నొక్కులో ఉండేది 0.1 మిల్లీగ్రాము. అంటే 40వ వంతు. మాత్ర కడుపులోంచి రక్తంలోకి, రక్తంలోంచి ఒళ్లంతా తిరిగి ఊపిరి గొట్టానికి చేరాలి. దారిలో గుండెదడ, చేతుల వణుకు తెస్తుంది. ఇన్‌హేలర్ నేరుగా చేరాల్సిన చోటికి చేరుతుంది. కాకపోతే సరిగ్గా పీల్చాలి. బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. పిల్లలకు, ముసలివాళ్లకు స్పేసర్ పెడితే సులువు. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించాలి.

డెల్టాలో గుర్తుంచుకోవలసిన ఇంకో జబ్బు

రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉన్న ప్రతిదీ ఉబ్బసం కాదు. గోదావరి జిల్లాలు బోదకాలు ఉన్న ప్రాంతం. దోమ ద్వారా ఒంట్లో చేరిన ఫైలేరియా పురుగుల పిల్లల మీద కొందరి శరీరం అతిగా తిరగబడుతుంది. రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి, అచ్చం ఆస్తమాలాగే కనిపించే ఆయాసం వస్తుంది. ఊళ్లో దీన్ని ఇస్నోఫీలియా అంటారు. దీనికి కండరాన్ని సడలించే మందు ఒక్కటే చాలదు, పురుగుకు మందు పడాలి. ఆ మందు డైఇథైల్ కార్బమజైన్. దాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో కనిపెట్టిన బృందానికి నాయకుడు పైన చెప్పుకున్న సుబ్బారావే. ఆయన 1948లో కన్నుమూశారు. కాబట్టి డెల్టాలో కొత్తగా ఆయాసం మొదలైనవాళ్లకు డాక్టరు రక్తపరీక్ష రాస్తే అనవసరం అనుకోకూడదు.

ఇంట్లో పాటించాల్సినవి

బీపీకి, దడకు, తలనొప్పికి ఇచ్చే ప్రొప్రనలాల్ లాంటి మందులు బీటా-2 తాళాన్ని మూసేసి ఆయాసం తెప్పించవచ్చు. ఆస్పిరిన్, కొన్ని ఒళ్లు నొప్పుల మాత్రలు కొంతమందిలో ల్యూకోట్రైన్లను పెంచుతాయి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఉబ్బసం ఉందని ముందే చెప్పాలి.

మిల్లులో, ఫారంలో పనిచేసేవాళ్లు దుమ్ము లేచే పని దగ్గర మాస్కు వేసుకోవాలి. సెలవు రోజుల్లో తగ్గి, పనికి వెళ్లగానే పెరిగే ఆయాసమైతే అది పని వల్ల వస్తున్న ఆస్తమా కావచ్చు. ఆ మాట డాక్టరుకు చెప్పడం ముఖ్యం.

రంజాన్ ఉపవాసాల్లో రోజువారీ మందు ఆపడం ప్రమాదం. పన్నెండు గంటలు పనిచేసే ఇన్‌హేలర్లను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దుకునేలా నెల ముందే డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. పగలు ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా మందు పీల్చాలి. జబ్బుపడినవారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది.

ఏటా మృగశిర కార్తె రోజు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ఎన్నో జిల్లాల నుంచి జనం వెళ్తారు. నమ్మకం ఎవరిష్టం వాళ్లది. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్లేవాళ్లు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకునే వెళ్లాలి, తిరిగొచ్చాక ఆపకూడదు.

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, ఇన్‌హేలర్ వాడినా తగ్గకపోవడం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి నీరసపడితే అది తగ్గినట్టు కాదు. గాలి కదలడమే ఆగుతోందని అర్థం. 108కి ఫోన్ చేసి, మనిషిని కూర్చోబెట్టి, డాక్టరు చెప్పినట్టు ఇన్‌హేలర్ ఇస్తూ ఉండాలి.

మిల్లు దుమ్మును, మంచును పూర్తిగా ఆపడం ఎవరి చేతుల్లోనూ లేదు. కానీ అవి పంపే కబురు కండరం దాకా వెళ్లకుండా ఆపే మందులు ఉన్నాయి. వెంటనే హాయినిచ్చేది కాల్షియం తూమును మూస్తుంది, రోజూ వాడేది అసలు తూము ఎత్తే పరిస్థితే రాకుండా చూస్తుంది. రెండూ కావాలి.